సదరు ఊకారం

ముప్ఫై ఏళ్లు ఆకాశంలో ఎక్కడా తట్టుకోకుండా తిరిగిన కెప్టెన్ ఆలపాటి మృత్యుంజయరావు, రిటైరవడానికి కొద్ది నెలల ముందు ఒక్క అక్షరం కాలికి తగిలి బోర్లా పడ్డాడు. అక్షరం కూడా పెద్దదేం కాదు. దానికి ఒత్తు లేదు, తలకట్టు లేదు, అనడానికి నోరు తెరవాల్సిన పని కూడా లేదు. ఊఁ. అంతే.

జరిగిందేమిటంటే, గోరింక ఎయిర్‌వేస్ వారి చిన్న విమానం ఒక వేసవి పొద్దున రాజమండ్రిలో లేచి హైదరాబాదు దారి పట్టింది. దానికి రెక్కకొకటి చొప్పున రెండే ఇంజన్లు. లేచీ లేవగానే కొంగల గుంపు అడ్డొచ్చింది. కంపెనీ పేరేమో గోరింక, వచ్చినవేమో కొంగలు, ఏదో జాతివైరం కాబోలని తర్వాత మృత్యుంజయరావే జోకు వేసుకున్నాడు గానీ ఆ క్షణంలో ఆయనకు జోకులేం తోచలేదు. కుడి ఇంజను మింగకూడనిది మింగి దగ్గడం మొదలుపెట్టింది. విమానమంతా ఊగిపోయింది, గంటలు మోగాయి, ఎర్రదీపాలు వెలిగాయి, దగ్గుతున్నది ఏ పక్కదో ఒక్క చూపులో తేలలేదు. పక్క సీట్లో ఉన్న కో-పైలట్ బత్తుల మేరీ సుహాసిని, చేరి ఏడాది నిండని పిల్ల, "ఎడమది ఆపమంటారా సార్?" అని అడిగింది.

విమానం నడిపేచోట ఇంగ్లీషే మాట్లాడాలని నియమం ఉంది. కానీ ఇంజను పోయినప్పుడు దాంతోపాటు ఇంగ్లీషు కూడా పోతుంది.

మృత్యుంజయరావు "ఊఁ" అన్నాడు.

ఆ అమ్మాయి ఎడమది ఆపేసింది. కాసేపటికి కుడిది తనంతట తనే ఆగింది. బాగున్న ఇంజనును మనుషులు ఆపారు, పాడైన ఇంజనును దేవుడు ఆపాడు, ఎవరి పని వాళ్లు చేశారు. ఆకాశంలో ఎంత నిశ్శబ్దమంటే, వెనక ఎవరో పూతరేకుల పెట్టె విప్పుతున్న చప్పుడు ముందు దాకా వినిపించిందట. ఆ తర్వాత మృత్యుంజయరావు విమానాన్ని గోదావరి మధ్య ఇసుక తిన్నె మీదికి పొట్టతో జారుస్తూ దించాడు. అందరూ వాళ్ల కాళ్ల మీద వాళ్లు నడుచుకుంటూ దిగారు. నలిగింది ఆ పూతరేకుల పెట్టె ఒక్కటే.

మర్నాడు పేపర్లలో 'గోదారిలో మృత్యుంజయుడు' అని ఫొటోతో సహా వచ్చింది. మృత్యుంజయరావు ఆ ముక్క కత్తిరించి ఫ్రేము కట్టించాడు. ఎవరైనా అడిగితే చెప్పడానికి అద్దం ముందు నిలబడి, దువ్వెన విమానంగా, మంచం ఇసుక తిన్నెగా, దించిన వైనమంతా రిహార్సలు వేసుకున్నాడు. దువ్వెన ప్రతిసారీ చక్కగా దిగింది. ఆయన భార్య హైమవతి చపాతీలు వత్తుకుంటూ ఇదంతా చూసి, ఆ దువ్వెన వెనక ప్రయాణికులెవరైనా మిగిలారా అని అడిగింది.

అడగాల్సినవాళ్లు అడిగారు గానీ, అడగాల్సింది అడగలేదు. బేగంపేటలో ఒక పాత భవనంలో మానవ తప్పిద నిర్ధారణ సంఘం కొలువు తీరింది. తప్పిదం ఉందా లేదా అన్న సంగతి ఆ పేరులోనే తేలిపోయింది. ఇక ఏ మానవుడిదో తేలాలి. నల్లపెట్టెలో దొరికిన టేపు విని సంఘం వారు ఆ మానవుడి అడ్రసు ఒక్క అక్షరంలో ఉందని పసిగట్టారు. ఊఁ అంటే 'సరే' అయితే తప్పు కెప్టెన్‌ది, ఆయన లైసెన్సు పోతుంది, ముప్ఫై ఏళ్ల పేరూ దాంతోపాటే పోతుంది. ఊఁ అంటే 'వింటున్నాను' అయితే, సరే అనకుండానే ఇంజను ఆపిన తప్పు కో-పైలట్‌ది. ఆ పిల్ల బతుకులో మళ్లీ విమానం మెట్లు ప్రయాణికురాలిగా తప్ప ఎక్కదు. నివేదికలో ఉన్నవి ఆ రెండు గడులే.

సంఘం అధ్యక్షుడు కోదండపాణి గారు మాట్లాడితే ఉత్తర్వు చదివినట్టే ఉంటుంది. ఇంట్లో కాఫీ కూడా ఆయన 'అందజేయవలసినది' అనే అడుగుతారని గిట్టనివాళ్లు అంటారు. మొదటిరోజే ఆయన కళ్లజోడు సవరించుకుని, సదరు ఊకారమును సంఘము సమక్షమున వినిపించవలసినదని ఆదేశించారు. టేపు నొక్కేందుకు నియమించిన గుమాస్తా నొక్కాడు. గంటలు, గోల, "ఎడమది ఆపమంటారా సార్?", "ఊఁ." గుమాస్తా ఠక్కున ఆపేశాడు. మళ్లీ వినిపించవలసినదన్నారు. మళ్లీ ఊఁ. ఆ పూటంతా ఆ గదిలో ఊఁ తప్ప మరో మాట లేదు. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లు లోపల ఎవరికో పురిటి నొప్పులనుకున్నారు.

మృత్యుంజయరావు చేతులు విమానం ఆకారంలో సిద్ధంగా పెట్టుకుని, దించడం గురించి కూడా చెప్పమంటారా అని తనే అడిగాడు.

"దిగుట ఈ సంఘము పరిధిలోనిది కాదు. దిగుట వలన ఎవరికిని ప్రమాదము సంభవించలేదు గనుక" అన్నారు కోదండపాణి గారు.

మృత్యుంజయరావు చేతులు మళ్లీ మామూలు చేతులై ఒళ్లోకి వచ్చాయి. అప్పుడు అసలు ప్రశ్న వేశారు. ఊఁ అన్నప్పుడు మీ మనసులో ఏముంది?

ఏముందో మృత్యుంజయరావుకు తెలుసు. చెప్పుకుంటే సిగ్గుచేటు. ఇంజను దగ్గుతున్న ఆ క్షణంలో ఆయన మైకులో ప్రయాణికులకు చెప్పబోయే ముక్క కూర్చుకుంటున్నాడు. 'నేనుండగా మీకేం భయం లేదు' అనాలా, 'నేనున్నంతవరకూ మీకేం భయం లేదు' అనాలా అన్నచోట చిక్కుకుపోయాడు. రెండోది కొంచెం అపశకునంగా ఉందని మనసు పీకుతోంది. అలాంటి తీవ్రమైన సాహిత్య సమస్యలో ఉన్నవాడికి ఎడమేదో కుడేదో ఎవరడిగితే మాత్రం ఏం వినబడుతుంది? ఎవరో ఏదో అన్నారు, ఊఁ అన్నాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ ఆయన చేస్తున్నది అదే. కానీ సంఘంతో మాత్రం, జ్ఞాపకం లేదండి, బహుశా వింటున్నాననే అర్థంలో అని ఉంటానండి, అని నసిగాడు. ఆ మాట అంటూ మేరీ సుహాసిని వైపు చూడలేదు. గోడ మీద క్యాలెండరు వైపు చూశాడు.

తర్వాత ఆ అమ్మాయిని పిలిచారు. ఊఁ అంటే నీకేమి అర్థమైనదో తెలుపవలసినదన్నారు.

"మా నాన్నది నిజాంపట్నంలో మర పడవ సార్. చుక్కాని దగ్గర ఆయనుంటాడు, ఇంజను దగ్గర నేనుండేదాన్ని. ఆపమంటావా నాన్నా అంటే ఊఁ అనేవాడు, ఆపేసేదాన్ని. వద్దంటే ఊహూఁ అనేవాడు" అంది. మళ్లీ తనే, "సారు ఊహూఁ అన్లేదు సార్" అంది.

అన్నప్పుడు కూడా ఆ పిల్ల మృత్యుంజయరావును తప్పుపట్టినట్టు చూడలేదు. ఏదైనా అని ఉంటే ఆయనకు ఆ రాత్రి నిద్ర పట్టేది.

ఊఁ మీద తుది మాట కోసం ఒక భాషాశాస్త్ర ఆచార్యుణ్ణి రప్పించారు. ఆయన అనునాసికమన్నారు, దీర్ఘమన్నారు, అంగీకారార్థకం, ఆలకింపు, ఆవులింత, అనుమానం అని వేళ్లు మడుస్తూ పోయి, చేతి వేళ్లు అయిపోయాక బల్ల కిందికి వంగి చూసుకున్నారు. చివరికి, అన్నవాడి ఇంటివాళ్లను అడగడం మేలని సెలవిచ్చి, దారి ఖర్చులు పుచ్చుకుని వెళ్లిపోయారు. ఆ విధంగా మర్నాటి సమావేశానికి శ్రీమతి హైమవతి, కెప్టెన్ గారి భార్య, ఊకార నిపుణురాలి హోదాలో హాజరయ్యారు.

హైమవతికి సంఘాలంటే జంకు లేదు. కుర్చీలో సర్దుకుని కూర్చుని, ఈయన ఊఁలు మూడు రకాలని చెప్పింది. అన్నం ముందు కూర్చుని అనేది నిజం ఊఁ, ఆ ఒక్కదాన్నే నమ్మవచ్చు. మా పుట్టింటివాళ్ల మాటెత్తితే అనేది పళ్లు బిగించిన ఊఁ, దాన్ని ఊహూఁగా లెక్కేసుకోవాలి. మూడోది వినని ఊఁ. ఆ మూడోదాంతోనే మా ఇంట్లో గోడలకు వంకాయరంగు పడింది, ఈయన గారు ఊఁ అన్న మూడో రోజున రంగు చూసి ఇదెవరు వేయించారని నన్నడిగారు, అంది. టేపు వినిపించారు. ఒక్కసారే విని, రెండోసారి అక్కర్లేదంది.

"ఇది వినని ఊఁ. ఆ టైములో ఈయన తన గురించి తను ఏదో గొప్పగా అనుకుంటున్నారు."

మృత్యుంజయరావుకు చెవుల దాకా వేడెక్కింది. ముప్ఫై ఏళ్ల కాపురంలో ఈమె ఇంత శ్రద్ధగా తనను చదువుతోందని ఆయనకు తెలియదు. బతుకంతా ఇంట్లోనే ఒక నల్లపెట్టె తిరుగుతోందన్నమాట. కోదండపాణి గారు మాత్రం నివేదికను ముందుకీ వెనక్కీ తిప్పి, 'వినని' అను గడి ఇందులో లేదు గనుక ఈ సాక్ష్యము పరిగణనార్హము కాదన్నారు.

ఈలోగా ఊరుకుంటే సంఘమెందుకు? తప్పు ఎవరిదో తేలేలోగా తప్పుకు మూలమైన శబ్దాన్ని అణచివేయాలని తాత్కాలిక ఊకార నిషేధ ఉత్తర్వు వచ్చింది. ఎద్దు ఈనిందంటే దూడను కట్టేయమన్నట్టు, గోరింక కంపెనీ వారు దాన్ని కాక్‌పిట్ నుంచి కంపెనీ మొత్తానికి పాకించారు. గోడల మీద 'ఊఁ అనకు, ఉద్యోగం పోగొట్టుకోకు' అని అట్టలు వెలిశాయి. టీ కావాలా అంటే ఊఁ అన్న ప్రయాణికులకు టీ ఇవ్వడం మానేశారు. విశాఖపట్నం విమానంలో ఒక ముసలమ్మ మనవరాలికి కథ చెబుతోంటే, మనవరాలు ఊఁ కొడుతోందని సిబ్బంది అభ్యంతరం చెప్పారు. ఊఁ కొట్టందే కథ చెప్పనని ముసలమ్మ, ఊఁ కొడితే విమానం కదపమని సిబ్బంది. చివరికి ఆ కథలో రాజుగారి ఏడుగురు కొడుకులూ వేటకు వెళ్లకుండానే రన్‌వే మీద ఉండిపోయారు.

ఒకటి తీసేస్తే దాని స్థానంలో ఇంకొకటి పెట్టాలి కదా. సంఘంలో భుజంగరావు గారని, బస్సుల శాఖలో పైదాకా ఎక్కి రిటైరైన సభ్యుడున్నారు. ఆయన లేచి, నలభై ఏళ్లుగా ఈ నేల మీద లక్షల బస్సులు ఒకే ఒక్క మాట మీద కదులుతున్నాయనీ, ఏ డ్రైవరూ దాన్ని అపార్థం చేసుకోలేదనీ, ఊఁకు బదులు విమానాల్లో కూడా 'రైట్' అనాలనీ ప్రతిపాదించారు. సభ్యులందరూ బల్లలు చరిచారు. ఊకార నిషేధ సంఘంలో ఆ రోజు అందరికీ నోటినిండా ఒక మాట దొరికింది. మృత్యుంజయరావుకు లోపల ఎక్కడో ఏదో తేడా కొట్టింది గానీ, చెబితే దించడం గురించి మాట్లాడబోతున్నాడనుకుంటారని ఊరుకున్నాడు.

కొత్త విధానాన్ని సిమ్యులేటర్‌లో ప్రదర్శించారు. అంటే నేల మీద కదలకుండా ఉండే ఉత్తుత్తి విమానం. లోపల కూర్చుంటే కిటికీల్లో ఆకాశం, కింద గోదావరి, ఊపుళ్లు, గంటలు అన్నీ నిజంలాగే ఉంటాయి. కెప్టెన్ సీట్లో మృత్యుంజయరావు, పక్కన మేరీ సుహాసిని, వెనక సంఘం వారందరూ నిలబడ్డారు. ఈసారి ఎడమ ఇంజను చెడిపోయేట్టు ఏర్పాటు చేశారు. గంటలు మోగాయి. ఆ అమ్మాయి ఈసారి బాగా చూసుకుని, చెడింది ఎడమదేనని తేల్చుకుని మరీ అడిగింది. "ఎడమది ఆపమంటారా సార్?"

మృత్యుంజయరావు ఈసారి పూర్తిగా విన్నాడు. విని, ఉత్తర్వు ప్రకారం, గొంతు ఖంగుమనేలా "రైట్" అన్నాడు.

ఆ అమ్మాయి చెయ్యి ఒక్క క్షణం గాల్లో ఆగింది. తర్వాత ఆజ్ఞ శిరసావహించి కుడిది ఆపింది. అంత ఉత్తుత్తి ఆకాశంలోనూ మళ్లీ అదే నిశ్శబ్దం. ఉత్తుత్తి గోదావరి కిటికీ నిండా పైకొచ్చేసింది. వెనక నుంచి భుజంగరావు గారు అలవాటు కొద్దీ "హోల్డాన్, హోల్డాన్" అని తలుపు మీద దబదబా బాదారు. బయటికి వచ్చాక సంఘం వారు చెమటలు తుడుచుకుని, ఈ ప్రదర్శన వలన మానవ తప్పిదము మరియొకమారు నిస్సందేహముగా రుజువైనదని రాసుకున్నారు.

ఇక ఆఖరి సమావేశం. ఆ రోజు తీర్పు. హైమవతి కూడా వచ్చి వెనక కూర్చుంది. తీర్పుకు ముందు సదరు ఊకారమును చిట్టచివరిసారి వినవలెనన్నారు అధ్యక్షుల వారు. కానీ టేపు నొక్కే గుమాస్తా లేడు. క్యాంటీన్‌లో ఊఁ అంటూ పట్టుబడ్డాడని ముందురోజే అతణ్ణి స్పష్టోచ్చారణ శిక్షణకు పంపేశారు. భుజంగరావు గారు తనే వెళ్లి నొక్కారు. గంటలు, గోల, ఎడమది ఆపమంటారా సార్, ఊఁ. నొక్కడం తెలిసింది గానీ ఆయనకు ఆపడం తెలియలేదు. టేపు ముందుకు సాగిపోయింది. అక్కడి నుంచి ఏముందో ఇన్నాళ్లలో ఎవరూ వినలేదు.

"రెండూ పోయాయి సార్. తప్పయిపోయింది సార్" అంది ఆ టేపులోని పిల్ల గొంతు. ఆపైన ఆ గొంతు వణకలేదు. ఎత్తు ఎంతుందో, వేగం ఎంతుందో చదువుతూనే ఉంది. ఎడమ పక్క నీళ్లు సార్, ముందు తిన్నె ఉంది సార్, అక్కడ పడవలున్నాయి, కొంచెం ఇటు తిప్పండి, వేగం పడిపోతోంది సార్, ముక్కు దించండి, ఇప్పుడు ఎత్తండి. మధ్యమధ్యలో మృత్యుంజయరావు గొంతు. ఊఁ. ఊఁ. ఊఁ.

మృత్యుంజయరావు టేపు వైపు తిరిగాడు. ఆయన జ్ఞాపకంలో ఆ దించడంలో ఇంకెవరూ లేరు. అద్దం ముందు దువ్వెన పక్కన ఎప్పుడూ ఇంకో దువ్వెన లేదు. తను చేసిన గొప్ప పనంతా ఈ పిల్ల చెబుతుంటే విని చేసిందని, తను ముప్ఫై ఏళ్లలో ఒకరి మాట నిజంగా విన్నది ఆ కాసేపేనని, ఇంతమంది మధ్య ఒక టేపు వచ్చి చెబుతోంది. పైగా ఆ పిల్లకు ఇదంతా తెలుసు. తెలిసి కూడా ఇన్నాళ్లూ ఎక్కడా ఒక్క ముక్క అనలేదు. తనేమో క్యాలెండరు చూస్తూ కూర్చున్నాడు.

అధ్యక్షుల వారికి ఓపిక నశించింది. ఆపవలసినదన్నారు. భుజంగరావు గారు మీటల మీద చేతులు ఆడిస్తూ, ఎడమది నొక్కమంటారా అని అడిగారు. కోదండపాణి గారు కాగితాల్లోంచి తలెత్తకుండానే అన్నారు.

"ఊఁ."

భుజంగరావు గారు ఎడమది నొక్కారు. చప్పుడు పదింతలైంది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి, పావురాళ్లు లేచిపోయాయి, అధ్యక్షుల వారి మంచినీళ్ల గ్లాసు నడుచుకుంటూ వెళ్లి బల్ల అంచు నుంచి దూకేసింది. ఎవరో పరుగెత్తి గోడ దగ్గర వైరు పీకాక గానీ గదికి ప్రాణం రాలేదు. అప్పుడు అందరూ అధ్యక్షుల వారి వైపు చూశారు. ఆయన సదరు శబ్దమును గొంతు సవరింపుగా నమోదు చేయవలసినదన్నారు. అలాగే నమోదైంది.

గదిలో నవ్వులూ దగ్గులూ సర్దుకునేలోగా మృత్యుంజయరావు లేచి నిలబడ్డాడు. ఆయన్ని ఎవరూ పిలవలేదు.

"ఆ అమ్మాయి అడిగింది. నేను వినలేదు. వినకుండానే ఊఁ అన్నాను. తప్పు నాదే" అన్నాడు.

వినకుండుటకు గడి లేదని లోగడే చెప్పియున్నామని అధ్యక్షుల వారు విసుక్కున్నారు. సరేయా, వింటున్నానా, రెంటిలో ఏదో ఒకటి సంపూర్ణ వాక్యమున తెలుపవలసినదన్నారు. మృత్యుంజయరావుకు నవ్వొచ్చింది. బతుకులో మొదటిసారి ఉన్నదున్నట్టు చెబుదామంటే అది పట్టే చోటు నివేదికలో లేదు.

"అయితే సరే అన్నాననే రాసుకోండి. అవును, ఆపమనే చెప్పాను. తప్పు నాదే" అన్నాడు. రాసుకున్నారు. రెండో గడి ఖాళీగా ఉండిపోయింది. మేరీ సుహాసిని కుర్చీలోంచి సగం లేచి, ఏదో అనబోయి, వద్దన్నట్టు ఆయన ఎత్తిన చెయ్యి చూసి కూర్చుండిపోయింది.

బయట మెట్ల దగ్గర ఆ అమ్మాయి వెనకే వచ్చింది. ఎందుకలా చెప్పారు సార్ అని అడుగుతుందేమోనని ఆయన భయపడ్డాడు. అడగలేదు. ఇసుక తగిలే ముందు ముక్కు ఎత్తి ఎంతసేపు పట్టుకున్నారు సార్, చెబితే నేర్చుకుంటానంది. ఇన్ని నెలలుగా ఈ లోకంలో ఒక్కరైనా అడగాలని ఆయన ఎదురుచూసిన ప్రశ్న అది. చేతులు వాటంతటవే విమానమై లేచాయి. లేచి, కాసేపు గాల్లో తిరిగి, దిగిపోయాయి.

"నువ్వు ఎత్తమన్నావు, ఎత్తానమ్మా" అన్నాడు. "సోమవారం నుంచి నువ్వు మళ్లీ ఎగురుతావు కదా. పక్కవాడెవడైనా ఊఁ అంటే, ఇంకోసారి అడుగు."

హైమవతి, ఆయన ఆటో ఎక్కారు. మృత్యుంజయరావు ఆలోచనలో పడ్డాడు. ఇంటికెళ్లగానే ఆ ఫ్రేము తీసేయాలా, లేక పక్కన ఆ పిల్ల ఫొటో కూడా పెట్టించాలా, పెట్టిస్తే ఎడమపక్క బాగుంటుందా కుడిపక్కా. ఇంతలో ఆటో అతను చౌరస్తాలో బండి నెమ్మది చేసి, "లెఫ్ట్‌కు కొట్టాల్నా సార్?" అని అడిగాడు.

"ఊఁ" అన్నాడు మృత్యుంజయరావు.

ఆటో ఎడమకు తిరిగి చాలా దూరం పోయాక, మన ఇల్లు కుడివైపు కదండీ అంది హైమవతి. మృత్యుంజయరావు ఉలిక్కిపడి అటూ ఇటూ చూశాడు. ఆటో అతను లెఫ్టన్నది మీరేనని మొదలుపెట్టబోయాడు. మృత్యుంజయరావు అతని భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు అడిగావు బాబూ, నేనే వినలేదు. తప్పు నాదే."

పెళ్లయిన ముప్ఫై ఏళ్లలో ఒక్కసారీ వినని మాటను ఒకే పూటలో ఇన్నిసార్లు విన్న హైమవతి, ఆటోను వెనక్కి తిప్పమని చెప్పడం కూడా మరిచిపోయింది.